నాలలు ఊడదీసిన ఏడాది

ఎద్దును పడేయడం చూడటానికే సగం అంగడి హనోకు చుట్టూ చేరేది.

బోధన్ పోయే రైలు పెద్ద లైను నుంచి విడిపోయే చోటు జానకంపేట. ఆ పేరు టికెట్ల మీదే ఉండేది. చుట్టుపక్కల ఊళ్లకూ తండాలకూ అది వట్టి జంక్షన్. స్టేషన్ వెనక నల్లరేగడి మైదానంలో వారానికోసారి అంగడి కూడేది. లంబాడీ ఆడవాళ్లు కట్టెల మోపులు, సీతాఫలాల గంపలు, కాళ్లు కట్టిన కోళ్లు మోసుకొని వరసగా నడిచొచ్చేవాళ్లు. మనుషులు కనబడక ముందే వాళ్ల గాజుల చప్పుడు వినబడేది. నాయకపోళ్లు అడవి నుంచి తేనె, మైనం తెచ్చేవాళ్లు. ధర్మాబాద్ దిక్కు నుంచి రైలు దిగిన మరాఠీవాళ్లు ఎర్రటి మిరపకాయలు కుప్పపోసి, వాళ్ల భాషలోనే పిలిచేవాళ్లు, తిట్టేవాళ్లు, నవ్వేవాళ్లు. తండాలవాళ్లు తిరిగి పోయేటప్పుడు ఉప్పు, ఎర్రదారం, గవ్వలు, రైక మీద కుట్టుకునే అద్దంబిళ్లలు కొంగుల్లో కట్టుకొని పోయేవాళ్లు. బోధన్ బండి ఇంజను నీళ్లు పట్టుకునేంత సేపు డ్రైవరు కూడా దిగొచ్చి కోళ్లు బేరం చేసేవాడు.

ఇదంతా దాటితే పశువుల అంగడి. దాని చివర, తుమ్మచెట్ల కింద, హనోకు కూర్చునేవాడు. ఎడ్ల గిట్టలకు ఇనుప నాలలు కొట్టడం అతని పని. నాల లేని ఎద్దు కంకర రోడ్డు మీద చెరుకు బండి లాగితే గిట్ట అరిగిపోయి రక్తం కారుతుంది. అందుకని బోధన్ ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలు కాకముందే రుద్రూరు నుంచి, వర్ని నుంచి బండ్లవాళ్లు తమ జతలను తోలుకొచ్చి అతని ముందు నిలబెట్టేవాళ్లు. హనోకు మోకు తీసి ఎద్దు నడుముకు ఒక చుట్టు, వెనక కాళ్ల మధ్య నుంచి ఒక చుట్టు తిప్పి, కొమ్ముల దగ్గర ఒకరిని, తోక దగ్గర ఒకరిని నిలబెట్టి లాగమనేవాడు. కొండలాంటి ఎద్దు ముందు మోకాళ్ల మీద వంగి, ఆ తర్వాత పక్కకు ఒరిగిపోయేది. దాని ఊపిరికి దుమ్ము లేచేది. చూసేవాళ్లు హా అనేవాళ్లు.

అతని తండ్రి మోషేకు ఈ పని నచ్చలేదు. మోషే రుద్రూరు పక్క పల్లెలో పుట్టినవాడు. చిన్నప్పటి నుంచి చచ్చిన గొడ్లను ఊరి బయటికి ఈడ్చుకుపోవడం ఆ ఇంటికి రాసిపెట్టిన పని. క్రైస్తవ మిషన్‌లో కలిశాక మోషే ఒక రోజు దొరల గడీ ముందు నిలబడి, ఇక ఆ పని చెయ్యనని చెప్పాడు. దానికి దెబ్బలు తిన్నాడు. తిన్నా మళ్లీ చెయ్యలేదు. అలాంటి మనిషికి కొడుకు పోయి పోయి గొడ్ల కాళ్ల దగ్గరే కూర్చోవడం మింగుడు పడలేదు.

"నేను అండ్లకెల్లి బయటవడనీకి వీపు పగలగొట్టుకున్న. నువ్వు మల్ల గొడ్ల కాడికే పోతివిరా?" అన్నాడు.

"నేను ముట్టేది బతికిన గొడ్లను బాపు. సచ్చినయాటిని కాదు," అన్నాడు హనోకు.

అప్పటికి హనోకుకు ఇరవై దాటాయి. యాభై ఆరులో, జిల్లాలన్నీ కొత్త రాష్ట్రంలో కలిసిన ఏడాది, జంక్షన్‌లో నాలలు కొట్టే మదార్ సాబ్‌కు చూపు తగ్గింది. బోధన్ నుంచి చెరుకు దించి తిరిగొస్తున్న హనోకు ఒక రోజు అక్కడ ఆగి, ఆ ముసలాయన మేకు తడుముకోవడం చూసి, పక్కన కూర్చొని గిట్ట పట్టుకున్నాడు. అలా మొదలైంది. మదార్ సాబ్ పోయేనాటికి మోకు, సుత్తె, పటకారు హనోకువయ్యాయి. స్టేషన్ వెనక గుడిసె వేసుకొని, భార్య గంగవ్వను తెచ్చుకున్నాడు. ఆమె చెరుకు కొట్టే పనికి పోయేది. ఆదివారం ఇద్దరూ తెల్లబట్టలు కట్టుకొని చర్చికి పోయేవాళ్లు. పిల్లలు ఇద్దరు పుట్టారు.

అతని దగ్గరికి వచ్చే బండ్లవాళ్లలో భీక్యా ఒకడు. వర్ని అవతలి తండా మనిషి. ఎత్తరి, ముందు పన్ను ఒకటి లేదు, చెవికి వెండి పోగు. మనుషులతో తెలుగులో మాట్లాడేవాడు గానీ ఎడ్లతో తన భాషలో తప్ప మాట్లాడేవాడు కాదు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ధోళ్యా, కాళ్యా అని పిలిచేవాడు. మోకు చూస్తే చాలు ధోళ్యా వణికేది. భీక్యా దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూనే ఉండేవాడు, చివరి మేకు దిగేదాకా.

అరవై నాలుగులో నాందేడ్ నుంచి కొత్తగా తెచ్చిన ఎవరిదో ఎద్దు, కట్టు సరిగా బిగియక, హనోకు మోకాలి మీద తన్నింది. ఎముక విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్లకు వినబడింది. ఎద్దు యజమాని దాన్ని విప్పుకొని అటే పోయాడు. బోధన్‌కు చెరుకు తీసుకుపోతున్న భీక్యా బండిలోని చెరుకంతా రోడ్డు పక్కన పడేసి, దాని ఆకు పరిచి, హనోకును దాని మీద పడుకోబెట్టి నిజామాబాద్ పెద్ద దవాఖానకు తోలుకుపోయాడు. తిరిగొచ్చేసరికి ఆ చెరుకు సగం మేకలు తిన్నాయి. ఆ చలికాలమంతా భీక్యా భార్య కేస్లి అంగడికి వచ్చినప్పుడల్లా గంగవ్వ గుడిసె ముందు జొన్నల మూట దించి పోయేది. గంగవ్వ వద్దన్నా వినేది కాదు.

"నీ మొగడు లేకుంటె మా ఎడ్లు నడువయ్. మా ఎడ్లు నడువకుంటె మేము తినం. గందుకే ఇస్తున్న, ఉత్తగ కాదు," అనేది.

హనోకు కాలు అతికింది గానీ వంకరగా అతికింది. అప్పటి నుంచి కుంటుతూనే పని చేశాడు. కేస్లిని అక్క అన్నాడు, భీక్యాను అన్న అన్నాడు. వాళ్లు అతన్ని తమ్మీ అన్నారు. మోషే ముసలితనంలో కొడుకు దగ్గరికి వచ్చి ఉండి, కరువు రాకముందే, డెబ్బైలో కన్నుమూశాడు.

డెబ్బై రెండులో వానలు పడలేదు. పడతాయి పడతాయి అనుకుంటూనే శ్రావణం పోయింది. నిజాంసాగర్ కాలువలో నీళ్లు ఆగి, అడుగు బురద ఎండి, పెళ్లలు పెళ్లలుగా లేచింది. చెరుకు మోకాలెత్తున నిలబడి ఎర్రబడింది. కొట్టడానికి చెరుకు లేదు గనక గంగవ్వకు పని లేదు. లాగడానికి చెరుకు లేదు గనక నాలలు కొట్టించేవాడు లేడు. అయినా అంగడి కూడుతూనే ఉంది. అంత పెద్ద అంగడి జంక్షన్‌లో ఎప్పుడూ కూడలేదు. కానీ అందరూ అమ్మేవాళ్లే. లంబాడీ ఆడవాళ్లు మెడలోని వెండి దండలు, కాళ్ల కడియాలు గోనె మీద పరుచుకొని కూర్చున్నారు. మరాఠ్వాడా నుంచి వచ్చిన రైళ్లలో నుంచి చేతిసంచీలతో మనుషులు దిగి, ఇక్కడ కూడా అంతే అని తెలిసి, అక్కడే ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోయారు. అరుపులు లేవు. పిల్లలు ఏడవడం కూడా సన్నగా వినబడేది.

పశువుల అంగడి మాత్రం స్టేషన్ దాకా పెరిగింది. నిజామాబాద్ దలాల్ లక్ష్మీరాజం దొరికిన ఎద్దునల్లా కొని గూడ్స్ డబ్బాల్లోకి ఎక్కిస్తున్నాడు. అతనే ఒక రోజు తుమ్మచెట్ల దగ్గరికి వచ్చాడు.

"హనోకూ, ఉత్తగ కూసున్నవ్. నాకు పని జెయ్యి. ఎక్కించే బల్ల మీద ఇనుము జారుతున్నది. కాలు ఇరిగిన గొడ్డును ఆడ దించుకుంటలేరు. ఎక్కించే ముందట నాలలు ఊడదియ్యి."

"యాడికి పంపుతున్నరు సేటూ?"

"నాసిక్ దిక్కు. ఆడ గడ్డి మస్తుగున్నది. రైతులు కొంటున్నరు."

హనోకు ఆ మందను చూశాడు. అందులో గుడ్డివి ఉన్నాయి, పళ్లు ఊడినవి ఉన్నాయి, నాగలి ముట్టి పదేళ్లయినవి ఉన్నాయి. ఏ రైతూ వాటిని కొనడు. కాళ్లు విరగకుండా తమంతట తాము నడిచి దిగితే చాలుననుకునేవాళ్లు ఎవరో అతనికి అర్థమైంది.

ఇంటికి పోయి గంగవ్వకు చెప్పాడు. ఆమె ఖాళీ కుండ తోముతూ, "నువ్వు తియ్యకుంటె ఇంకోడు తీస్తడు. నా పిల్లలు మాత్రం నీ ముందటనే ఉంటరు," అంది. బాపు బతికి లేకపోవడం మంచిదయిందని హనోకు ఆ రోజు అనుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. మోకు సంచీలోంచి తీయవలసిన అవసరమే రాలేదు. ఒకప్పుడు నలుగురు పట్టుకుంటే గానీ పడని ఎడ్లు ఇప్పుడు అతను గిట్ట మీద చెయ్యి వెయ్యగానే వాటంతటవే కింద పడుకునేవి. కొన్ని లేవలేకపోయేవి. అతను పటకారుతో మేకులు పీకుతుంటే కాలు లాక్కోను కూడా లాక్కునేవి కావు. వాటిలో చాలా నాలలు అతను కొట్టినవే. మేకు కొట్టిన తీరు చూసి గుర్తుపట్టేవాడు. ఊడదీసిన ఇనుము పక్కన గుట్టగా పేరుకునేది. సాయంత్రం లక్ష్మీరాజం మనిషి దాన్ని కూడా గోనెలో ఎత్తుకుపోయేవాడు. జనం హనోకుతో మాట్లాడటం తగ్గించారు. ఎదురుపడితే ముఖం పక్కకు తిప్పుకునేవాళ్లు. చర్చిలో బల్ల మీద అతని పక్కన చోటు ఖాళీగా ఉండేది.

ఎండలు ముదిరిన మార్చిలో భీక్యా తన జతను తోలుకొని వచ్చాడు. కేస్లి వెనక నడుస్తోంది. ధోళ్యా పక్కటెముకలు దూరం నుంచే కనబడుతున్నాయి. కాళ్యా కళ్ల కింద తడి ఎండి చారలు కట్టింది.

హనోకు లేచి ఎదురు పోయాడు. "అమ్మకు అన్నా. ఇంకొక్క నెల ఆగు."

"ఏం పెట్టి ఆగుమంటవ్ తమ్మీ? ఇంటి మీది కప్పు గూడ పీకి ఏసిన. గది గూడ తిన్నయ్," అన్నాడు భీక్యా. పగ్గాలు అతని చేతిలో పెట్టి, "నాలలు నువ్వే తియ్యి. ఇంకోని చెయ్యి పడనియ్యకు," అన్నాడు.

హనోకు కూర్చున్నాడు. ధోళ్యా వణకలేదు. అతని భుజం మీద మూతి ఆనించి నిలబడింది. భీక్యా దాని చెవి దగ్గరికి పోలేదు. దూరంగా, రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. పని అయ్యాక వచ్చి హనోకు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాసిక్ దిక్కు రైతులు కొంటున్నరట గదా? డబ్బల నీళ్లు తాపనీకి మనిషి గావాలె. నేను గూడ పోత. ఎవల చేతుల పెడ్తరో సూసుకొని వస్త. సేటుకు నువ్వొక మాట చెప్పు."

హనోకు నోటి దాకా మాట వచ్చింది. చెబితే భీక్యా ఎడ్లను తిప్పుకొని పోతాడు. పోయినా అవి తండా చేరవు. మధ్యలోనే పడిపోతాయి, అప్పుడు కేస్లి చేతికి ఏమీ రాదు. మధ్య దారిలో ఎలాగూ తెలుస్తుంది, తెలిశాక కోపం చేసుకొని తిరిగొస్తాడు, వచ్చి నన్ను తిట్టనీ. ఇలా అనుకొని హనోకు మాట మింగేశాడు. లక్ష్మీరాజం దగ్గరికి కుంటుకుంటూ పోయి చెప్పాడు. "పోనీ, మాకు గూడ మనిషి గావాలె," అన్నాడు లక్ష్మీరాజం.

కేస్లి జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. భీక్యా రెండు ఎడ్ల మధ్య నుంచి వచ్చి డబ్బా తలుపు దగ్గర కాళ్లు కిందికి వేలాడేసుకొని కూర్చున్నాడు. బండి కదిలింది. కేస్లి చెయ్యి ఊపలేదు. ఆమెకు ఆ అలవాటు లేదు. నిలబడి చూసింది, అంతే.

ఆ వారంలోనే పశువుల వెంట పోయిన మిగతా మనుషులు తిరిగొచ్చారు. భీక్యా రాలేదు. హనోకు వాళ్లను పట్టుకొని అడిగాడు.

"నాసిక్ దారిల మన్మాడ్ల డబ్బలు మారేటప్పుడు లొల్లి చేసిండు. తర్వాత మాకు కనవడలే," అన్నారు.

"యాడనో తాగి పడి ఉంటడు, వస్తడు తియ్యి," అన్నాడు లక్ష్మీరాజం.

హనోకు ఆ రోజు నుంచి పటకారు పట్టుకోలేదు. రైల్వే పట్టాల కింద పోసే కంకర కొట్టే పనికి పోయాడు. వంకర కాలు మడవలేక, చాచి పెట్టుకొని కొట్టేవాడు. కేస్లి ప్రతి అంగడికీ వచ్చి, అమ్మడానికి ఏమీ లేకుండా, తుమ్మచెట్ల కింద కూర్చొని, వచ్చిన ప్రతి బండినీ చూసి పోయేది. చివరికి ఒక రోజు, "తమ్మీ, నాకు రైలెక్క తెల్వది. నన్ను తీస్కపో," అంది.

ఇద్దరూ పోయారు. హనోకు కూడా నిజామాబాద్ దాటి ఎప్పుడూ పోయినవాడు కాదు. మన్మాడ్‌లో దిగేసరికి జంక్షన్ అంటే ఏమిటో తెలిసింది. చిన్న పట్టాలు, పెద్ద పట్టాలు పక్కపక్కన ఎంత దూరం చూసినా పోతూనే ఉన్నాయి. చిన్న డబ్బాల నుంచి సామాను పెద్ద డబ్బాల్లోకి మోసే కూలీలు వందల్లో ఉన్నారు. కేస్లి అద్దాల రైకను, చేతి నిండా గాజులను చూసి జనం ఆగి చూశారు. ఆమెకు మరాఠీ సగం అర్థమవుతుంది. కనబడిన ప్రతివాణ్నీ అడిగింది. ఎవరికీ తెలియదు. గుంపులు గుంపులుగా కరువు మనుషులు దిగిపోయిన స్టేషన్‌లో ఒక మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మధ్యాహ్నం దాటాక, యార్డు బయటి నల్లా దగ్గర భాకరీలు, అంటే జొన్నరొట్టెలు, అమ్ముకునే ముసలావిడ చెప్పింది. పశువులను డబ్బా మార్చేటప్పుడు ఒక పొడుగు మనిషి, వీటిని కొనే రైతులు ఎక్కడున్నారని అడిగాడట. అక్కడున్నవాళ్లు నవ్వి, రైతులు కాదు కసాయిఖానా అని చెప్పారట. అతను డబ్బాలోకి ఎక్కి రెండు ఎడ్లను విప్పబోయాడట. కిందికి లాగి, కొట్టి, యార్డు బయట పడేశారట.

"ఇదే నల్లా కాడ కూర్చున్నాడు. నీళ్లు తాగమన్నాను, తాగలేదు. ఆ బండి పోయాక లేచి దాని వెనకాలే పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు," అంది ఆమె తన భాషలో. "తర్వాత లైను చూసే మనుషులకు దూరపు సిగ్నల్ అవతల కనబడ్డాడు. ఎండకు పోయాడో, బండి కింద పడ్డాడో నాకు తెలియదు. అడిగేవాళ్లు ఎవరూ రాకపోతే పట్టాల కింది పాత స్లీపరు చెక్కలు పేర్చి కాల్చేశారు. చెవికి వెండి పోగు. ముందు పన్ను లేదు."

కేస్లి ఒకటే అడిగింది. "అవి పోయిన దిక్కే పోయిండా?"

"ఆ దిక్కే," అంది ముసలావిడ. రెండు భాకరీలు తీసి కేస్లి ఒడిలో పెట్టింది.

కేస్లి అక్కడ ఏడవలేదు. తిరుగు బండిలో, నాందేడ్ దగ్గర పడుతుండగా మొదలుపెట్టింది. లంబాడీ ఆడవాళ్ల ఏడుపు పాటలా ఉంటుంది. పోయిన మనిషి నడకను, మాటను, తిన్న అన్నాన్ని ఒక్కొక్కటే పేరు పెట్టి పిలుస్తుంది. డబ్బాలో మాటలు ఆగిపోయాయి. ఎవరో పసిపిల్ల నోరు మూశారు. హనోకు కింద కూర్చొని వింటూ ఉండి, ఇక ఓపలేక ఆమె కాళ్ల దగ్గర నేల మీద చెయ్యి ఆనించాడు.

"అక్కా, నాకు ముందే ఎరుక. కసాయికే పోతయని నాకు ఎరుక. చెప్పలే."

ఆమె ఏడుపు ఆగింది. కిటికీలోంచి ఎండిన చేలు చూసింది.

"ఆయనకు గూడ ఎరుకేనేమో తమ్మీ. ఇంటి కప్పు తిన్న ఎద్దును ఏ రైతు కొంటడు?"

"మరి ఎందుకు పోయిండు?"

ఆమె ఏడుపు పాట మళ్లీ అందుకొని, బండి జంక్షన్ చేరేదాకా ఏడ్చింది. తండాకు పోయాక, వాళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు చేసినట్టే, మోచేతుల పైన తొడిగే గాజులు తీసేసింది.

ఆ ఏడు మృగశిరలో వానలు పడ్డాయి. కాలువలో నీళ్లు వచ్చాయి, చెరుకు లేచింది. అంగడిలో మళ్లీ మిరపకాయలు, కోళ్లు, అద్దంబిళ్లలు కనబడ్డాయి. వెండి దండలు మాత్రం లేకుండా పోయాయి. వాటి చోట గాజుపూసలు వచ్చాయి. ఉన్నవాళ్లు ట్రాక్టర్లు తెచ్చుకున్నారు. లేనివాళ్లు ఒకరిద్దరుగా మళ్లీ ఎడ్లు కొన్నారు. హనోకు తుమ్మచెట్ల కిందికి తిరిగొచ్చాడు గానీ పని పూర్వంలా లేదు. చర్చిలో మెల్లగా పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. అతను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. గంగవ్వ చెరుకు కొట్టి తెచ్చినదే ఇంటికి ఆధారమయింది.

డెబ్బై ఆరులో కేస్లి అల్లుడు ఒక కొత్త జత కొన్నాడు. వాటిని ఆమే దగ్గరుండి జంక్షన్‌కు తోలించింది. బోధన్‌లో నాలలు కొట్టే పడుచువాళ్లు ఉన్నారని అల్లుడు అన్నా వినలేదు. ఎడ్లు మంచి పొగరు మీద ఉన్నాయి. వాటిని పడేయడానికి అంగడిలో మనుషులను పిలవవలసి వచ్చింది. హనోకు చెమటతో తడిసిపోయి, వంకర కాలు నొప్పికి పళ్లు బిగబట్టి పని ముగించాడు. కట్లు విప్పగానే రెండూ లేచి ఒళ్లు విదుల్చుకున్నాయి.

కేస్లి వాటి వీపు తడిమింది. "ఎన్నేండ్లు చేస్తయి తమ్మీ ఇవి?"

"మేత ఉంటె మస్తు ఏండ్లు చేస్తయి."

"లేకుంటె?"

హనోకు మేకులు ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"అప్పుడు నా కాడికి తోల్కరాకు అక్కా," అన్నాడు.

ఆమె తల ఊపింది. అల్లుడు ఎడ్లను వర్ని దారి పట్టించాడు. ఆమె ఉప్పు కొనుక్కోవడానికి అంగడిలోకి నడిచింది.